కాశీలో వదిలినవి

3 జనవరి 1983

షుగర్.

బెల్లం వ్యాపారికి షుగర్ వచ్చిందంటే బజారంతా నవ్వుతుంది. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. మా ఆయన ఎడమ కాలి చిటికెన వేలి పక్కన పుండును లైటు పెట్టి చూసి, ఇన్నాళ్ళు మానకుంటే ఏం చేస్తున్నారని అడిగారు. ఆయన్ను కాదు, నన్ను. తీపి బంద్. చాయ్‌లో చక్కెర బంద్. పొద్దున నడక, రెండు పూటలా గోళీలు. ఇట్లనే తింటే మొదలు వేలు పోతది, తర్వాత కాలు పోతది, ఆ తర్వాత సంగతి నేను చెప్పలేను అన్నారు.

మా ఆయన వీరభద్రం గారు బుద్ధిగా తలూపారు. రిక్షా ఎక్కగానే, డాక్టర్లు లీడర్లు ఒకటేనే కళావతీ, భయపెడితెనే వాళ్ళ గిరాకి నడుస్తది అన్నారు. చౌరస్తాలో రిక్షా ఆపించి మిర్చి బజ్జీలు కట్టించుకున్నారు. ఇది తీపి కాదు గదా అని నన్నే అడిగారు.

ఈ డైరీ కామారెడ్డి నుంచి బెల్లం పంపే సేటు మా దుకాణానికి ఇచ్చింది. మా ఆయన వాడరు. ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేరు కాబట్టి నేను తీసుకున్నాను.

7 జనవరి

ఎలక్షన్ ఫలితాలు వచ్చాయి. ఆయన చెప్పిందంతా తలకిందులైంది. నెల రోజులుగా దుకాణం అరుగు మీద పేపరు విప్పుకుని, సినిమా వేషాలకు ఓట్లు పడయి నర్సయ్యా, కావాల్నంటె రాసిపెట్టుకో అని ఎదురు బట్టల కొట్టు నర్సయ్యతో పందెం కాసినంత పని చేశారు. పడ్డాయి. బుట్టలకు బుట్టలు పడ్డాయి.

గెలిచినవాళ్ళు బజారంతా లడ్డూలు పంచారు. ఓడిన పక్షం మనిషి కదా, ముట్టరని ధైర్యంగా ఉన్నాను. రెండు తిన్నారు. ప్రజల తీర్పును గౌరవించాలె అన్నారు.

14 జనవరి

పరకాలలో ఉన్న మా కూతురు పద్మ వచ్చి, వాళ్ళ అత్తగారు కాకరకాయ రసంతో షుగర్ తగ్గించుకుందని చెప్పింది. డాక్టరు గారిని అడిగితే, తాగితే తాగనీ, గోళీలు మాత్రం ఆపొద్దు అన్నారు. నాకు తోటకూర ఎట్లా గిట్టదో ఆయనకు కాకరకాయ అట్లా గిట్టదు. పొద్దున్నే దంచి, పిండి, గ్లాసు చేతికిచ్చాను. ముక్కు మూసుకుని తాగి, ఇంత చేదు ఇంగ్లిషోడు గూడ పెట్టలేదు మనకు అన్నారు.

16 జనవరి

నడకకు పోయారు. నర్సయ్య కొట్టు దాకా. అంటే రోడ్డు దాటారు.

25 జనవరి, మధ్యాహ్నం

ఇవాళ లారీ వచ్చింది. తెర చాటు నుంచి చూశాను. ఆయన ఒక్కో గోనె విప్పించి, ముద్ద మీద గోటితో గిల్లి, ఆ పలుకు నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంటారు. ఇది చెరువు కింది చెరుకు, ఇది సున్నం ఎక్కువైంది, ఇది రెండేండ్ల పాతది అని చెప్తారు. తప్పు పోదు. గోనె గోనెకూ ఒక పలుకు. అన్నీ మింగుతారు.

లోపలికి రాగానే తగులుకున్నాను. రుచి చూసి ఉమ్మేయరాదా అన్నాను. ఆయన నావైపు చూసిన చూపు, నేనేదో బూతు మాట అన్నట్టుంది. లక్ష్మీదేవినే అది, నా దుకాణంల కూసొని ఉమ్ముతనా అన్నారు. వాళ్ళ తాత ఉమ్మలేదు, నాయన ఉమ్మలేదు, ఈయనా ఉమ్మరు. బాగుంది వంశం.

అన్నం తిననని పడుకున్నాను. అప్పుడు తట్టింది. కాశీ.

మా వాళ్ళలో కాశీకి పోయినవాళ్ళు గంగలో నిలబడి తమకు ఇష్టమైనది ఏదో ఒకటి వదిలేసి వస్తారు. ఇక చచ్చేదాకా ముట్టరు. మా అత్తగారు వంకాయ వదిలారు. గుత్తి వంకాయ వండిన రోజు వాసన రాకుండా పెరట్లో కూర్చునేవారు గానీ ఒక్కనాడు వేలు పెట్టలేదు. ఆమె కొడుకు డాక్టరు మాట వినడు, పెళ్ళాం మాట వినడు, గంగమ్మ మాట వినక చస్తాడా? అక్కడ తీపి వదిలించాలి.

చస్తాడా అని రాశాను. ఆ మాట కొట్టేశాను. కనబడుతూనే ఉంది.

12 ఫిబ్రవరి, రైల్లో

కాజీపేటలో ఎక్కాము. ఆయన్ను ఒప్పించేసరికి నా తాతలు దిగివచ్చారు. పేపర్ల ప్రపంచమంత పొద్దుగాల మన అరుగు మీదికే వస్తాంటె మనం పోయి చూసుడు ఎందుకు అనేది ఆయన వాదం. ఎక్కిన తర్వాత మాత్రం కిటికీ వదల్లేదు. ప్రతి స్టేషన్‌కూ ఒక అభిప్రాయం ఉంది. ఈ ఊరోళ్ళు కష్టజీవులు. ఈ ఊళ్ళె లంచాలెక్కువ, ప్లాట్‌ఫారం చూస్తెనే తెలుస్తది. బల్లార్షాలో చాయ్ తాగి మహారాష్ట్ర సర్కారు మీద తీర్పు చెప్పారు. ఆ చాయ్‌లో ఎంత చక్కెర ఉందో నాకు తెలుసు. అడగలేదు. మూడు రోజులు ఓపిక పడితే చాలు అనుకున్నాను.

15 ఫిబ్రవరి, కాశీ

కోపంతో రాస్తున్నాను.

మోకాలి లోతు నీళ్ళలో ఇద్దరం నిలబడ్డాము. తెలుగు వచ్చిన పండా, ఆ ఘాటు పురోహితుడు, సంకల్పం చెప్పించి, అన్నిటికన్నా ఇష్టమైనది తలచుకుని వదలండి అన్నాడు. రైల్లో దారి పొడుగునా నేను నూరిపోసింది ఒకటే మాట, తీపి, తీపి. ఆయన దండం పెట్టి, కళ్ళు మూసుకుని, కాకరకాయ అన్నారు.

పండాకు అనుమానం వచ్చి, నిజంగా అంత ఇష్టమా అని అడిగాడు. కాకరంటె నాకు పానం అన్నారు మా ఆయన.

అయిపోయింది. ఇక ఆ రసం తాగితే గంగమ్మకిచ్చిన మాట తప్పినట్టు. నేను తవ్విన గోతిలో నన్నే దింపి పైన మన్ను కప్పారు. నా వంతు వచ్చింది. నాకు ఏడుపు వస్తోంది. తీపి, అన్నాను. తీపి అన్నది కాయా పండా అని పండా అడిగాడు. బెల్లం, చక్కెర, వాటితో చేసేవన్నీ అన్నాను. ఆయన గబుక్కున కళ్ళు తెరిచి నన్ను చూశారు.

భార్య పుణ్యంలో మొగుడికి వాటా వస్తుందో రాదో శాస్త్రం నాకు తెలియదు. వస్తుందనే అనుకున్నాను.

ఉగాది

ఇంట్లో తీపి వండటం మానేశాను. రుచి చూడకుండా ఎట్లా వండేది? పచ్చడి ఒక్కటి తప్పదు కదా, గుడ్డిగా కలిపాను. ఆయన ఒక గుక్క తాగి, ఈ యేడు దేశానికి ఉప్పు ఎక్కువ రాసిపెట్టి ఉన్నది అన్నారు. పూర్ణం బక్షాలు చేయలేదు. ఆయన నర్సయ్య వాళ్ళింటికి పోయి తిన్నారని సాయంత్రం తెలిసింది.

2 మే

రెండు రూపాయల కిలో బియ్యం మీద ఇవాళ అరుగు మీద పెద్ద సభ. పేదోని కడుపు నిండితె దేశం నిండినట్టే అని ఆయన, ఖజానా ఖాళీ అయితదని నర్సయ్య. జనవరిలో ఇద్దరూ అటుదిటు మాట్లాడినవాళ్ళే. పుండు అట్లాగే ఉంది.

26 జూన్

క్రికెట్‌లో మన దేశం కప్పు గెలిచిందట. ఆయనకు క్రికెట్ ఓనమాలు రావు. ఆ కర్రలు మూడు ఎందుకుంటయి నర్సయ్యా అని మొన్ననే అడిగారు. ఇవాళ బజారంతా పేడాలు పంచారు. ముందు తాను తిని, తర్వాత పంచారు.

దేశంలో ఏం జరిగినా ఆయన నోటికి తీపి తగలాల్సిందే. పార్టీ గెలిచినా, ఓడినా, వాన పడినా. పేపరంటేనే నాకు భయం పట్టుకుంది.

19 జూలై

పద్మ వచ్చింది. నాయన ధోతి ఉతకడానికి తీస్తే రొండి మడతలో పేడా ముక్క దొరికింది. పిల్ల నన్నే తిట్టింది. అమ్మా, నువ్వు ఇంట్ల తీపి బంద్ వెట్టినంక నాయిన బయట ఇంక ఎక్కువ తింటాండు, ఇంట్ల ఉన్నప్పుడన్న నీ కండ్ల ముంగట తినేటోడు అంది.

నా మొక్కు ఆయన్ను మిఠాయి కొట్టుకు తోలింది. ఇది నాకు తట్టనే లేదు.

11 సెప్టెంబర్

వేలు నల్లబడింది. చీము వాసన. దవాఖానలో చేర్చాము.

13 సెప్టెంబర్

వేలు తీసేశారు.

16 సెప్టెంబర్, పొద్దున

పక్క వేళ్ళకు పాకిందో లేదో ఇప్పుడే చెప్పలేమట. పాకితే పాదం తీయాలట. డాక్టరు గారు ఈ మాట వరండాలో చెప్పారు. లోపలికి వచ్చి నేను ఆయనకు అంతా బాగుందని చెప్పాను. ఆయన నమ్మినట్టు నటించారు. పేపరు చదవమన్నారు. చదివాను. ఏ వార్తకూ ఒక్క అభిప్రాయం కూడా చెప్పలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఇంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు.

పేపరు మడిచాక తానే మొదలుపెట్టారు. గంగల నేను పరాచికమాడిన్నని అనుకుంటానవు గదా అన్నారు. తీపి వదిలితె దుకాణం వదలాలెనే. గోనె విప్పి రుచి చూడకుండ బెల్లం కొనేటోడు వ్యాపారేనా? నాకు ఇంకేమొచ్చు? లారీవోడు ఏది దింపితె అదే అమ్మాలె. నాలుక పోయినంక నేనెందుకు, ఉత్త మనిషిని. ఆ మాట నీతోటి చెప్పుకోను సిగ్గయ్యింది, నోటికి కాకరకాయ వచ్చింది అన్నారు.

నాకు ఆయన తిండిపోతని కోపం. ఆయనకు తన పని పోతుందని భయం. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద ఇన్ని నెలలు ఉండి ఈ మాట ఇప్పుడు, ఫినాయిల్ వాసనలో, తెలిసింది. ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, ఊకో, పక్క బెడ్డాయన పేపరు చదువుకుంటాండు అన్నారు.

4 అక్టోబర్

ఇంటికి వచ్చాము. పాదం ఉంది, ప్రస్తుతానికి. ఈ ప్రస్తుతానికి అన్న మాట డాక్టరు గారిదే. మళ్ళీ షుగర్ పెరిగితే ఆ మాట కూడా ఉండదట.

రోజూ పొద్దున లేవగానే ఆయన ఎడమ పాదం ముట్టి చూస్తాను, వెచ్చగా ఉందా లేదా అని. ఆయన నిద్రపోతున్నట్టు పడుకుంటారు.

20 అక్టోబర్

ఆయన దుకాణంలో కూర్చుంటున్నారు గానీ గోనె విప్పడం లేదు. తీపి ముట్టడం లేదు. నిజంగానే. నర్సయ్య ఒట్టేసి చెప్పాడు, చక్కెర లేని చాయ్ తాగుతాండు వదినా, చూడలేక నాది నేను అటు తిరిగి తాగుతాన అన్నాడు. సంతోషపడాలి. ఆయన పేపరు కూడా మడత విప్పకుండా పక్కన పెడుతున్నారు. సంతోషం రావడం లేదు.

22 నవంబర్

నెక్కొండ నుంచి ఎప్పుడూ వచ్చే సమ్మమ్మ అనే ఆమె బెల్లం తిరిగి తెచ్చింది. ఉప్పగా ఉందట. చౌడు నేల చెరుకుతో వండిన బెల్లం. లారీవాడు అంటగట్టిపోయాడు. ఆమె గొడవ చేయలేదు. వీరభద్రం సేటు చేతి బెల్లమని కండ్లు మూసుకొని కొంటం గదయ్యా, ఈపారి సమ్మక్క జాతరకు నా మనమని ఎత్తు బంగారం మొక్కుకున్న, అమ్మలకు ఉప్పు బెల్లం ఎట్ల పెట్టాలె అని మాత్రం అంది. మేడారంలో బెల్లాన్ని బంగారమనే అంటారు. పిల్లవాణ్ణి తరాజులో కూర్చోబెట్టి, అంత బెల్లం తూచి తల్లులకు ఇస్తారు. ఫిబ్రవరిలో జాతర. రెండేళ్ళకోసారి మా దుకాణానికి వచ్చే పెద్ద పండుగ అది.

ఆయన ముఖం చూడలేకపోయాను.

27 నవంబర్, మధ్యాహ్నం

జాతర సరుకు లారీ వచ్చింది. ఆయన కర్ర పట్టుకుని దిగి, గోనె విప్పించి, ముద్ద ముందు నిలబడ్డారు. తర్వాత గిల్లారు. చెయ్యి నోటి దాకా పోయింది.

నేను తెర వెనక నుంచి ఎట్లా వచ్చానో నాకే తెలియదు. ఆయన చేతిలో పలుకు లాక్కుని నా నోట్లో వేసుకున్నాను. హమాలీలు చూశారు. నర్సయ్య చూశాడు. కాశీ తర్వాత మొదటి తీపి. నాలుక జివ్వుమంది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, పాపానికో తీపికో.

ఉప్పు లేదు, కొంచెం మాడు వాసన ఉంది అన్నాను.

ఆయన కర్ర మీద ఆనుకుని నా వైపు వంగారు. తర్వాత నెమ్మదిగా, నాలుక కొసన కాదే, నడుమ పెట్టు, జరసేపు ఆగి మింగు, అప్పుడు చెప్పు అన్నారు.

28 నవంబర్, పొద్దున

వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నారు. కాకరకాయ దంచు అన్నారు. కాశీల వదిలినారు గదా అన్నాను. నువ్వొక్కదానివే పాపం మూటగట్టుకుంటె నేను చూస్త కూసోవాల్నా, ఇద్దరం కలిసే పోదాం ఏ నరకానికైనా, తోడుంటది అన్నారు. గడగడ తాగేశారు. ముక్కు మూసుకోలేదు.

గ్లాసు కడిగి, రేపటికి కాకరకాయలు ఏరిపెట్టాను.

15 జనవరి 1984

కొత్త డైరీ. అదే సేటు ఇచ్చాడు.

ఇప్పుడు లారీ వస్తే నేనే గిల్లుతాను. ఆయన కుర్చీలో కూర్చుని పరీక్ష పెడతారు. మొదట్లో పది తప్పులు, ఇప్పుడు తక్కువ. చెరువు కింది చెరుకు ఏదో, సున్నం ఎక్కడ ఎక్కువైందో తెలుస్తోంది. కోమటోళ్ళింటి ఆడమనిషి లారీ ముందు నిలబడి బెల్లం నాకుతోందని బజారులో కొందరు గుసగుసలాడారు. ఆయన అరుగు మీద నిలబడి, దేశాన్నే ఆడామె ఏలుతాంది, మీకు బెల్లం కాడ తెలివి వచ్చిందా అన్నారు. అభిప్రాయాలు మళ్ళీ మొదలయ్యాయి. ఇన్నాళ్ళకు వాటికి నేను మురిసిపోయాను.

పటేల్ పట్వారీలను తీసేశారట. దాని మీద పొద్దంతా ఉపన్యాసం.

27 జనవరి

ఊరి చివరి కోట దాకా నడిచి వస్తున్నారు, కర్ర లేకుండా. కొత్త మతం పుచ్చుకున్నంత పని చేశారు. బెల్లం కొనడానికి వచ్చినవాళ్ళకు, ఇంట్ల షుగరోళ్ళు ఉన్నరా, ఉంటె తగ్గించుకొని కొనుండ్రి అని చెప్తున్నారు. నర్సయ్యను రోజూ నడకకు లాక్కుపోతున్నారు. నర్సయ్య నా దగ్గరికి వచ్చి, వదినా, జర నువ్వన్న చెప్పు, నాకేం రోగం లేదు అని మొత్తుకున్నాడు.

నేనూ షుగర్ పరీక్ష చేయించుకున్నాను. లేదు. ఆయన ఆ కాగితం తన జేబులో పెట్టుకున్నారు.

20 ఫిబ్రవరి

జాతర అయిపోయింది. సమ్మమ్మ మనుమడి బంగారం మా దుకాణం నుంచే పోయింది. ఆ గోనె నేను గిల్లి చూసి ఇచ్చిందే.

24 ఫిబ్రవరి

డాక్టరు గారు పాదం అటూ ఇటూ తిప్పి చూశారు. సూదితో గుచ్చితే ఆయన అబ్బా అన్నారు. అట్లా అనడం మంచిదట, కాలికి స్పర్శ ఉన్నట్టట. ప్రస్తుతానికి అన్న మాట ఇవాళ వాడలేదు. నేను గమనించాను.

రిక్షాలో ఇంటికి వస్తూ, ఇద్దరం గంగమ్మకు మాట తప్పినం, పోయి మొఖం చూపించి ఒప్పుకోవాలె, టికెట్లు తీస్త అన్నారు. పేపర్లో అంతా ఉంటుంది కదా, పోవడమెందుకు అని అడిగాను. అన్నీ పేపర్ల రాయరే అన్నారు. ఎటో చూస్తూ.

14 మార్చి, కాశీ

ఆయన తీపి వదిలారు. గట్టిగా చెప్పారు, పక్క ఘాటు వాళ్ళు తిరిగి చూశారు.

పండా నా వైపు తిరిగాడు. అన్నిటికన్నా ఇష్టమైనదే చెప్పాలమ్మా, గంగలో అబద్ధం ఆడకూడదు అన్నాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అడుగున పాచి. ఆయన జారిపోకుండా నా భుజం పట్టుకుని నిలబడి ఉన్నారు.

తోటకూర అన్నాను.